డ్యూటీలో ఎవరు?

ఆయన ఆ కాఫీ కప్పు ఇంకా కడుగుతూనే ఉన్నాడు.

దానికి అంత మురికేమీ లేదు. తప్పు చేసిన మనిషికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కాబట్టి కప్పు ఉంది. ఆమె పొయ్యి దగ్గర నిలబడి ఆ వీపుకేసి చూస్తోంది. నిన్న రాత్రి సంగతి బయటపడ్డప్పుడు ఒళ్లంతా మండిపోయింది. పొద్దుటికి ఆ కోపం కూడా అయిపోయి అలుపొకటే మిగిలింది.

“ఇంకోసారి చెప్పండి. సెలవు ఏ వారానికి అడిగారు?”

“చెప్పాను కదా. నెలాఖరు వారానికి.”

“విమానం ఏ వారం?”

కుళాయి ఆగింది. “దాని ముందు వారం,” అన్నాడు, సింకుతో మాట్లాడుతున్నట్టు.

“మరి మేం వెళ్లొచ్చాక మీరు సెలవు పెట్టి ఏం చేస్తారు? మా ఇసుక బట్టలు దులుపుతారా?”

ఆయన కప్పు బోర్లించాడు. మళ్లీ తీసి తుడిచాడు.

నెలల తరబడి ఆ ఇంట్లో ఈ ప్రయాణం గురించే జపం. ఏడాది పొడుగునా ఎండ కాసి, మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన కురిసి, అంతలోనే ఏమీ ఎరగనట్టు తేటపడే వేడి దేశమట. ముందు సముద్రం ఒడ్డున మూడు రోజులు, తర్వాత సిటీలో రెండు. సముద్రం ఆమె కోసం. ఆసుపత్రి ల్యాబులో రక్తం తియ్యడం ఆమె ఉద్యోగం. ఎవరి చేతికీ సూది గుచ్చకుండా, ఎవరినీ పిడికిలి బిగించమనకుండా, ఇసుకలో చతికిలబడి ఊరికే కూర్చోవాలన్నది ఆమె కోరిక. సిటీ ఆయన కోసం. ఆయన లిఫ్టు మెకానిక్. అక్కడొక పెద్ద మేడకి బయటి గోడ మీద పాకే గాజు లిఫ్టు ఉందట. సెలవు పెట్టి మరీ లిఫ్టు ఎక్కడానికి వెళ్లే మనిషిని కట్టుకున్నానని ఆమె ల్యాబులో చెప్పి అందరినీ నవ్వించింది కూడా.

ఇప్పుడు ఆ నవ్వంతా తిరిగి అప్పజెప్పాలి కాబోలు.

“అసలు అలా ఎలా చెప్పారండీ? వారం కూడా గుర్తుండదా మనిషికి?”

“గుర్తుండే చెప్పాను,” అన్నాడాయన. “సూపర్‌వైజరు ఏ వారం కావాలోయ్ అన్నాడు. నీకు సెలవు ఫలానా వారమని మనసులో అనుకున్నాను. నీకు ఆ వారమైతే నాకు దాని తర్వాతది. నోరు అలవాటుగా అనేసింది. సంతకం పెట్టి బయటికొచ్చాను. నిన్నటిదాకా తట్టలేదు.”

చిక్కేమిటంటే, ఆమెకి అది నమ్మబుద్ధయింది.

మామగారికి పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయినప్పటినుంచీ ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఉండి తీరాలి. ఆమె పొద్దుటి డ్యూటీకి వెళ్తే ఆయన సాయంత్రం డ్యూటీ. ఆమెకి సెలవుంటే ఆయనకి ఉండదు, ఆయనకి ఉంటే ఆమెకి ఉండదు. ఒకరు గుమ్మం ఎక్కుతుంటే ఒకరు దిగుతారు. తాళాల గుత్తి చేతులు మారుతుంది. జావ తాగారు, మాత్ర వేశాను, కాలు తిమ్మిరి అంటున్నారు, అంతే, అప్పగింత అయిపోతుంది. ఇద్దరికీ ఒకేసారి సెలవు కావాలని నోరు తెరిచి అడగడం వాళ్లకి ఎప్పుడూ అలవాటు కాలేదు. ఇలాంటి తప్పు లోకంలో ఇంకెవరూ చెయ్యరు. వాళ్లిద్దరిలో ఎవరైనా చెయ్యగలరు.

“మార్చమని అడగలేరా?”

“మార్చడు. ఆ వారం నాతో పనిచేసే జోడీ సెలవులో ఉంటాడు. ఇద్దరం ఒకేసారి లేకపోతే కుదరదు.”

ఆమె వైపూ అంతే. నెలాఖరు వారం ల్యాబులో కొత్త యంత్రం బిగిస్తున్నారు, అప్పుడు కదలడానికి వీల్లేదు. మామగారిని చూసుకోవడానికి వస్తానన్న ఆడపడుచు బళ్లో టీచరు. ఆవిడకీ ఆ ఒక్క వారమే బడి సెలవులు. చవగ్గా వచ్చిన విమానం టికెట్లకి తారీఖు మార్చే వీలు లేదు. ఇన్ని కుదుర్చుకుంటూ వచ్చింది. చివరికి కట్టుకున్నవాడొక్కడే కుదరలేదు.

చెప్పుల చప్పుడు చేసుకుంటూ కూతురు వంటింట్లోకి వచ్చింది. కాలేజీలో చదువుతోంది. ఇంట్లో అందరూ గడుగ్గాయి అంటారు, ఆ పేరు నిలబెట్టుకోవడానికి పాపం రోజూ కష్టపడుతుంది.

“ఇంకా తేలలేదా మీ పంచాయితీ? ఆ హోటలువాళ్లు ఎవరెవరు వస్తున్నారో ఖాయం చెయ్యమంటున్నారు.”

“మీ నాన్నని అడుగు.”

“అమ్మని అడుగు,” అన్నాడాయన వెంటనే.

గడుగ్గాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “బావుంది. అసలు నన్నెందుకు లాగావమ్మా ఇందులోకి? పరీక్షలు దగ్గరపడుతున్నాయి, మీరిద్దరే వెళ్లండి అని మొత్తుకున్నాను. విన్నావా? మూడు మంచాల గదే కావాలన్నావు.”

“నువ్వు లేకపోతే ఊరుకాని ఊళ్లో మాకు దారి ఎవరు చూపిస్తారే?”

“ఫోను చూపిస్తుంది. ఎదురు కూడా చెప్పదు.”

“ఇంకో మాటన్నావంటే—”

“సరే, నేనో మాట చెప్పనా?” అని ఆయన అడ్డం వచ్చాడు. కప్పు చివరికి కింద పెట్టాడు. “చెల్లి ఎలాగూ వస్తోంది. నేను డ్యూటీకి వెళ్తుంటాను. మీరిద్దరూ హాయిగా వెళ్లి రండి. సముద్రమూ చూస్తారు, సిటీ కూడా. నాకేముంది? లిఫ్టులు ఇక్కడా ఉన్నాయి.”

పాపం, త్యాగం చేస్తున్నాడనే అనుకోవాలి వినేవాళ్లు. కానీ ఆమె రోజంతా చేతులు చూసే మనిషి. పిడికిలి ఎప్పుడు బిగుస్తుందో ఎప్పుడు వదులవుతుందో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ మాట అంటుంటే ఆయన చెయ్యి వదులయింది. పొద్దున్నించీ మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు కూడా.

ఆమె పొయ్యి కట్టేసింది.

లోపలి గదిలోంచి కేక వచ్చింది. “డ్యూటీలో ఎవరు?”

మామగారు బళ్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేశారు. ఒళ్లు సగం మాట వినడం మానేసినా గొంతు మాత్రం ఇంకా మైదానంలోనే ఉంది. గుమ్మం చప్పుడైనా, కుర్చీ జరిగినా ఆయన అడిగేది అదే. ఎవరో ఒకరు “నేనే” అనేదాకా ఊరుకోరు.

“నేనేనండీ,” అంటూ ఆమె జావ గిన్నె పట్టుకెళ్లింది.

“అంతా విన్నాను అమ్మాయ్.” నోరు కొద్దిగా వంకర తిరగడం వల్ల మాటలు జారుతుంటాయి, దర్పం జారదు. “ఎవడు మానుకున్నా నాకు అనవసరం. మా అమ్మాయి మాత్రం వస్తుంది. అది జావలో పంచదార వేస్తుంది.”

“మీకు పంచదార వద్దన్నారు కదండీ డాక్టరుగారు.”

“అందుకే అది రావాలి,” అన్నారు మామగారు, నోరు తెరుస్తూ.

ఆమెకి నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపొచ్చింది. రెండూ మింగి చెంచా అందించింది.

ఆసుపత్రిలో లిఫ్టు పనిచెయ్యడం లేదు.

తలుపు ముందు పసుప్పచ్చ గొలుసు కట్టి, మరమ్మతు జరుగుతోందని అట్ట తగిలించారు. రక్తం గొట్టాల పెట్టె పట్టుకుని ఆమె వార్డులకీ ల్యాబుకీ మెట్ల మీదే తిరగాల్సి వచ్చింది. మోకాళ్లు మొరాయిస్తున్నాయి. లిఫ్టు మెకానిక్ పెళ్లానికి ఈ రాత ఏమిటని ల్యాబులో కుర్ర డాక్టరు వేళాకోళం చేస్తే నవ్వినట్టు పెదవులు కదిపి ఊరుకుంది.

మూడోసారి దిగుతుంటే గొలుసు వెనక నుంచి ఎవరో పిలిచారు.

“వదినగారూ!”

సగం తెరిచిన తలుపులోంచి ఒక తల బయటికొచ్చింది. నూనె మరకల టోపీ, దాని కింద ఎప్పుడూ నవ్వే ముఖం. ఆయన జోడీ. లిఫ్టు పనికి ఇద్దరేసి వెళ్తారు. ఒకరు మీద మోటారు గదిలో ఉంటే ఒకరు కింద గుంటలో. ఇవాళ అతనికి పొద్దుటి డ్యూటీ పడి, ఆయనకి బదులు ఇంకెవరో మీద ఉన్నట్టున్నారు, పైనించి వినపడే గొంతు కొత్తది.

“ఏం బాబూ, ఇంకెంతసేపు? నా కాళ్లు పీక్కుపోతున్నాయి.”

“అయిపోయింది వదినా, మధ్యాహ్నానికి ఎక్కించేస్తాను.” చేతులు గుడ్డకి తుడుచుకుంటూ పైకొచ్చాడు. “అయినా అన్నయ్య చేసిన పని నాకేం బాగోలేదు. మీరైనా గట్టిగా చెప్పండి.”

“ఏం చెప్పను? పొరపాటున అడిగేశారు. ఇప్పుడు మీ సూపర్‌వైజరు మార్చనంటున్నాడట.”

“ఎందుకు మార్చడు?” టోపీ వెనక్కి నెట్టాడు. “నిన్న సాయంత్రం డ్యూటీలో నేనే చెప్పాను కదా. నా సెలవు నువ్వు తీసుకో, నీది నేను తీసుకుంటానని. నేనేమన్నా ఊరేగడానికి వెళ్తున్నానా? ఇంటికి సున్నం కొట్టించుకుందామని పెట్టాను. ముందు వారమైతే ఏమిటి, తర్వాతి వారమైతే ఏమిటి, గోడలు ఎక్కడికీ పోవు. సూపర్‌వైజరు కూడా ఎదురుగానే ఉన్నాడు. ఇద్దరూ ఒప్పుకుంటే ఎల్లుండి పొద్దున్న షిఫ్టు మొదలయ్యేలోపు చెప్పండి, ఆ తర్వాత నా వల్ల కాదు అన్నాడు. అంటే రేపు పొద్దున్నదాకా టైముంది.”

ఆమె చేతిలో పెట్టె మెట్టుకి తగిలి గొట్టాలు గలగలమన్నాయి.

“ఆయన ఏమన్నారు?”

అప్పటికి అతనికి వెలిగింది. తల గోక్కున్నాడు. నవ్వే ముఖం చిన్నబోయింది.

“చెప్పు బాబూ. ఏమన్నారు?”

“వద్దులే, వాళ్లు వెళ్లొస్తారులే అన్నాడు. మీరిద్దరూ మాట్లాడుకునే ఉంటారనుకున్నాను వదినా. నాకేం తెలుసు?”

పైనించి కొత్త గొంతు “వదలనా?” అని కేకేసింది. అతను “ఉండు, ఉండు!” అని అరుస్తూ గుంటలోకి దిగిపోయాడు. దిగే అవసరం ఉన్నదానికన్నా కాస్త తొందరగానే దిగాడు.

మధ్యాహ్నానికి లిఫ్టు బాగైంది. ఆమె మాత్రం మెట్ల మీదే తిరిగింది.

సాయంత్రం ఆమె వీధిమలుపు తిరిగేసరికి ఆయన గుమ్మం ముందు మెట్ల మీద తయారుగా ఉన్నాడు. భుజాన పనిముట్ల సంచి, చేతిలో తాళాల గుత్తి. రోజూ లాగే.

“జావ తాగారు. మాత్ర వేశాను. ఎడం కాలు తిమ్మిరి అంటే కాసేపు పట్టాను,” అని గుత్తి అందించాడు.

ఆమె చెయ్యి చాపలేదు.

“ఏం?” అన్నాడు.

“మీ జోడీ కనపడ్డాడు.”

గుత్తి అలాగే గాల్లో ఉండిపోయింది. వీధిలో ఎవరిదో సైకిలు బెల్లు మోగి దూరమైంది. ఆయన పులుకూ పులుకూ చూశాడు. తర్వాత సంచి భుజం మీంచి దింపి మెట్టు మీద పెట్టాడు.

“వాడికి నోరు ఆగదు.”

“వాడి నోరు సంగతి తర్వాత. పొరపాటున చెప్పానన్నారు. నేను నమ్మాను. పొద్దున్నంతా మిమ్మల్ని చూసి జాలిపడ్డాను కూడా.”

“పొరపాటే. ఒట్టు. మొదటిది పొరపాటే.”

“రెండోది?”

ఆయన సంచి పట్టీ సవరించాడు. ఆమె ఆయన పక్క నుంచి లోపలికి వెళ్లిపోదామనుకుంది. ఏళ్లుగా చేస్తున్నది అదే, అక్కడే మాట తెగ్గొట్టి ఎవరి డ్యూటీకి వాళ్లు పోవడం. ఇవాళ మాత్రం పై మెట్టు మీద కూర్చుండిపోయింది.

“నాతో రావడం ఇష్టం లేదని చెప్తే సరిపోయేది కదండీ. ఇంత నాటకం ఎందుకు?”

“ఇష్టం లేక కాదు.” ఆయన నిలబడే ఉన్నాడు. “ఎలా చెప్పాలో తెలీడం లేదు. నవ్వకు మరి.”

“నవ్వే ఓపికెక్కడుంది నాకు?”

“రోజంతా నేనూ వాడూ కేకలేసుకుంటూ పనిచేస్తాం. పైకి, ఆపు, వదులు. ఇంటికొస్తే నీతో జావ, మాత్ర, కాలు. ఇన్నేళ్లుగా నాకు మిగిలిన మాటలు అవే. అక్కడ నాన్న ఉండడు. డ్యూటీ ఉండదు. నీ పక్కన ఇసుకలో కూర్చుంటాను. కూర్చుని ఏం చెప్పను?” గుత్తిలోని తాళాలు ఒక్కొక్కటే తిప్పాడు. “నిన్న వాడు మారుస్తానన్నప్పుడు గుండె గుభేలుమంది. నువ్వు నా ముఖం చూసి, ఇంతకాలం ఈ మొద్దుతోనా కాపురం చేసింది అనుకుంటావేమోనని. వద్దులే అన్నాను. అన్నాక ప్రాణం తేలికపడింది. అందుకు సిగ్గేసింది కూడా.”

అరిస్తే తిరిగి అరవడానికి సిద్ధమై ఉంది. అబద్ధం చెబితే కడిగిపారెయ్యడానికి సిద్ధమై ఉంది. దీనికి ఏం చెయ్యాలో ఆమెకి తోచలేదు. ఎంత కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

“మనం చివరిసారి ఎప్పుడు కూర్చుని మాట్లాడుకున్నాం?” అంది.

ఆయన నిజంగానే ఆలోచించాడు. “ఇంటి నీళ్ల మోటారు కాలిపోయి కరెంటు పోయిన రోజు. నువ్వు కిరసనాయిలు దీపం వెలిగించావు.”

“దేని గురించి?”

“గుర్తులేదు. మోటారు గురించే అయ్యుంటుంది.”

లోపలినించి గడుగ్గాయి ఫోను పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. “అమ్మా, హోటలువాళ్లకి ఏం చెప్పను? మూడు మంచాల గది ఉంచమననా, వద్దనా? నాన్న రాకపోతే ఒక మంచం దండగ.”

మూడు మంచాల గది. పొద్దున్న ఆ మాట విన్నప్పుడు ఆమె దానికి జవాబు చెప్పి గెలిచాననుకుంది. ఇప్పుడు అదే మాట ముల్లులా గుచ్చుకుంది. పిల్ల పరీక్షలున్నాయి రానంటే ఎంత బతిమాలింది! దారి చూపించడానికట. తనకి దారి తెలియక కాదు. గదిలో మధ్యన ఒక మనిషి ఉంటే బాగుంటుందని. ఆ పిల్ల ఏదో ఒకటి వాగుతూ ఉంటుంది, ఇద్దరూ దానికి జవాబులు చెబుతూ రోజులు దొర్లించేయొచ్చని. ఆయన భయపడి సెలవు పోగొట్టుకున్నాడు. ఆమె భయపడి కూతురిని అడ్డం పెట్టుకుంది. పెద్ద తేడా ఏముంది?

“రెండు మంచాల గది చూడవే,” అంది.

“అంటే నాన్న రాడన్నమాట.”

“నువ్వు రావు.”

గడుగ్గాయి కళ్లు పెద్దవయ్యాయి. ఎదురు చెప్పబోయి, తల్లి ముఖం చూసి, తండ్రి ముఖం చూసి, పుట్టాక మొదటిసారేమో, ఏమీ అనకుండా వెనక్కి తిరిగింది. లోపలికి వెళ్లాక మాత్రం “అబ్బ, బతికాను” అన్న మాట ఇద్దరికీ వినపడింది.

“మరి నేను—” అన్నాడాయన.

“రేపు పొద్దున్న షిఫ్టు మొదలయ్యేలోపు మీ సూపర్‌వైజరుకి చెప్పాలట. మీ జోడీకి నేను ఫోను చెయ్యను. మీ తరఫున ఎవరితోనూ మాట్లాడను. రావాలనుంటే మీరే చెప్పుకోండి. లేకపోతే ఆ రెండో మంచం మీద నా చీరలు ఆరేసుకుంటాను.”

“అక్కడికెళ్లి నువ్వు విసుక్కుంటే?”

“నేను విసుక్కుంటాను. మీరు తల గోక్కుంటారు. వాన వస్తే లేచి లోపలికి పోదాం.” మెట్టు మీది సంచిని కాస్త అవతలికి నెట్టింది. “నాకేమీ చెప్పక్కర్లేదండీ. లిఫ్టు గురించే చెప్పండి, వింటాను. ఎవరికో ఒకరికి అప్పజెప్పి పోకుండా ఒక్కసారి నా పక్కన కూర్చోండి. అంతకన్నా నేనేం అడిగాను?”

ఆయన గుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. డ్యూటీకి వేళవుతోంది. సంచి వైపు చూశాడు, వీధి వైపు చూశాడు. తర్వాత మెల్లగా, పరాయి ఇంట్లో కుర్చీ మీద కూర్చునేవాడిలా, ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

ఇద్దరూ ఎదురింటి గోడకేసి చూస్తూ ఉన్నారు. ఆయన ఏదో అనబోయి దగ్గాడు. ఆమె తొందరపెట్టలేదు. గోడ మీద పిల్లి నడిచిపోయింది. దాని గురించైనా ఏదో ఒకటి అంటాడేమోనని చూసింది. అనలేదు. అయినా లేవలేదు.

లోపలి గదిలోంచి కేక వచ్చింది. “డ్యూటీలో ఎవరు?”

ఆమె పెదవి విప్పలేదు. ఇన్నేళ్లలో మామగారి కేకకి పలకకుండా ఉండటం ఇదే మొదలు.

“ఎవరయ్యా డ్యూటీలో?”

ఆయన ఉలిక్కిపడి, అలవాటు కొద్దీ సగం లేచాడు. నోట్లో “నే” అన్న అక్షరం అప్పటికే తయారైంది. ఆమె ఆయన చెయ్యి పట్టుకోలేదు, తల తిప్పి చూడను కూడా లేదు. పక్కన కొంచెం జరిగి చోటిచ్చింది, అంతే. ఆయన అలాగే, లేచీ లేవనట్టు, ఒక చేత్తో మెట్టు పట్టుకుని ఆగిపోయాడు.

మామగారు మూడోసారి అడగలేదు. లోపల ఆ పెద్దాయన కూడా ఆమె లాగే కొడుకు జవాబు కోసం చెవి ఒగ్గి ఉన్నారు.